పెద్దవాళ్లు పడకముందే పరీక్ష చేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో పెద్దవాళ్లు పడిపోతే "వయసైపోయింది కదా" అనేస్తాం. డాక్టరు కట్టు కట్టి పంపిస్తారు. అసలు ఎందుకు పడ్డారని మాత్రం చాలాసార్లు ఎవరూ అడగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కింద పడటం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో 60 దాటినవారే ఎక్కువ. ప్రమాదవశాత్తు తగిలే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అయినా దీన్ని ఇంటి విషయంగానే చూస్తున్నాం.

తడి నేల, చీకటి మెట్లు ప్రమాదమే. కానీ అదే నేల మీద కాలు జారిన కుర్రవాడు చాలావరకు నిలదొక్కుకుంటాడు. పెద్దాయన నిలదొక్కుకోలేకపోవడానికి కారణం ఒంట్లోనే ఉంటుంది. తొడల్లో, పిక్కల్లో కండ తగ్గుతుంది. చూపు మసకబారుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి అరికాళ్లు మొద్దుబారి, అడుగు సరిగ్గా ఆనిందో లేదో తెలియదు. మంచం మీంచి లేచి నిలబడగానే కొందరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. కూర్చోబెట్టి మాత్రమే బీపీ చూస్తే ఈ సంగతి బయటపడదు.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందులు తూలు తెప్పిస్తాయి. ఒక్కో జబ్బుకు ఒక్కో డాక్టరు రాసిన చీటీలన్నీ ఒకచోట పెట్టి చూసేవాళ్లు ఉండాలి. సొంతంగా మానేయడం మాత్రం కూడదు.

నన్ను ఎక్కువగా బాధించేది ఆ తర్వాత జరిగేది. ఒకసారి పడ్డాక పెద్దవాళ్లకు నడవాలంటేనే భయం. మనమూ ప్రేమకొద్దీ "మీరు కదలకండి, మేం తెచ్చిస్తాం" అంటాం. దాంతో కాళ్లలో ఉన్న కాస్త బలమూ పోయి, మళ్లీ పడే ప్రమాదం పెరుగుతుంది. కాళ్లకు బలాన్ని, నిలకడను ఇచ్చే వ్యాయామాలు క్రమం తప్పకుండా చేస్తే పడటం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. ఎవరికి ఏది సరిపోతుందో ఫిజియోథెరపిస్టు చెప్పగలరు.

ఆరోగ్య శాఖను నేను కోరేది పెద్ద ఖర్చు లేని పని. 65 దాటిన ప్రతి ఒక్కరినీ ఏడాదికోసారి "ఈమధ్య పడ్డారా?" అని అడగాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోమనాలి. అందుకు 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే జాగ్రత్తపడాలి. దీనికి ఒక కుర్చీ, ఒక గడియారం చాలు, నర్సులు కూడా చేయగలరు.

పడిన సంగతి చాలామంది పెద్దవాళ్లు పిల్లలకు చెప్పరు. చెబితే టెన్షన్ పడతారనో, బయటికి వెళ్లనివ్వరనో దాచేస్తారు. అందుకే వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగకుండా వైద్య సిబ్బందే అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు