ఇంటి నుంచి పనిలో మగ్గాన్నీ లెక్కించాలి

సంపాదకులకు,

అయ్యా,

ఇంటి నుంచి పని గురించి పత్రికల్లో వస్తున్న వ్యాసాలను కొన్నాళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. వాటిలో చాలావరకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గురించే. బరంపురంలో నేతపని చేసే తెలుగు దేవాంగుల వీధిలో పుట్టి పెరిగిన నాకు ఆ చర్చ సగంలోనే ఆగిపోతున్నట్టు అనిపిస్తోంది.

మా ఇంట్లో రెండు రకాల పనులూ సాగుతున్నాయి. వెనక గదిలో మా తమ్ముడు హైదరాబాదు కంపెనీకి ల్యాప్‌టాప్ మీద పని చేస్తాడు. ముందు గదిలో నాన్నగారు గుంట మగ్గం మీద పట్టుచీర నేస్తారు. తమ్ముడికి నెల జీతం, సెలవులు, భవిష్య నిధి ఉన్నాయి. కరెంటు పోయి రెండు గంటలు పని ఆగినా జీతం ఆగదు. నాన్నగారికి సావుకారు పట్టునూలు ఇచ్చి చీర లెక్కన కూలి కడతారు. వానాకాలంలో మగ్గం గుంటలో నీరు ఊరితే చెంబుతో తోడి, గోనెపట్టా పరిచి, తడి ఆరేదాకా ఖాళీగా కూర్చోవలసిందే. ఆ రోజులకు కూలి లేదు. మగ్గానికి వదిలిన గది, దీపం ఖర్చు, అచ్చు మరమ్మతు, అన్నీ మావే. తెల్లవారకముందే రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టే అమ్మ శ్రమ ఆ చీర కూలిలోనే కలిసిపోతుంది తప్ప, ఆమె పేరున ఎవరూ ఒక్క రూపాయి లెక్క కట్టలేదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కార్మికులు 35 లక్షలకు పైగా ఉన్నారని, వారిలో అత్యధికులు స్త్రీలేనని ఇక్కడ గుర్తుచేయడం అవసరం.

వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయనిస్తే ఉద్యోగం మానేసేవారు మూడో వంతు తగ్గారని, పనితీరు ఏమీ పడిపోలేదని చైనాలోని ఒక ప్రయాణ సేవల సంస్థలో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. నేను దాన్ని కాదనను, తమ్ముడి విషయంలో అది నిజమే. అయితే నెల జీతగాళ్ల మీద వచ్చిన ఫలితాన్ని ముక్క కూలి మీద బతికేవారికి అన్వయించడం సరికాదు. మా గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన వేలాది మందికైతే ‘ఇంటి నుంచి పని’ అన్న మాటే వర్తించదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ వేళ, శ్రామిక్ రైళ్లలో ఇల్లు చేరినవారికి ఇల్లు మిగిలింది కానీ పని మిగలలేదు.

2020 నాటి కేంద్ర చట్టమైన సామాజిక భద్రతా స్మృతిలో యజమాని కోసం తన ఇంట్లో పని చేసే కార్మికుడికి నిర్వచనం ఉంది. సొంత పనిముట్లతో చేసినా ఆ నిర్వచనంలోకి వస్తారు. కానీ ఇలా తమ ఇంట్లోనే యజమాని కోసం పని చేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఆమోదించిన 177వ ఒడంబడికను మన దేశం ఇంతవరకు ధ్రువీకరించలేదు. దాన్ని ధ్రువీకరించాలని, అంతకన్నా ముందు మా వీధుల్లో కార్మిక శాఖ శిబిరాలు పెట్టి, నేసేవారితో పాటు కండెలు చుట్టేవారి పేర్లు కూడా విడిగా నమోదు చేయాలని కోరుతున్నాను. నాన్నగారి తరం వారిలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. కనుక దరఖాస్తులు తెలుగులో కూడా ఉంచాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా