గుడిసె ఎక్కడ వేయాలో మేస్త్రీకి ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

మాది మక్తల్ దగ్గర పల్లెటూరు. ముప్పై ఏళ్లు గుంపు మేస్త్రీగా, అంటే కూలీలను పోగుచేసి పనులకు తీసుకుపోయేవాడిగా ఊళ్లు తిరిగి, ఇప్పుడు మోకాళ్లు సహకరించక ఇంటిపట్టున ఉంటున్నాను. చదివింది ఏడో తరగతి. మస్టర్ (కూలీల హాజరు) రాసి రాసి చేతిరాత మిగిలింది గానీ పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్దుకోండి.

2025 ఆగస్టు 5న ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా ధరాలీ అనే ఊరి మీద ఖీర్ గంగ వాగు వచ్చి పడ్డప్పుడు టీవీలు, పేపర్లు 'మేఘం బద్దలైంది' అన్నాయి. 2021 ఫిబ్రవరిలో అదే రాష్ట్రం చమోలీ జిల్లాలో 'గ్లేసియర్ (కొండ మీది పెద్ద మంచుగడ్డ) పగిలింది' అన్నాయి. రెండు రోజులు మొదటి పేజీ, మూడో రోజు లోపలి పేజీ, నాలుగో రోజు ఏమీ లేదు. అసలు జరిగింది ఏమిటో తర్వాత సైంటిస్టులు తేల్చారు. అది మాత్రం తెలుగులో నా కంట పడలేదు. 'కొండల సంగతి పాలమూరోళ్లకు ఎందుకులే' అనుకుంటారేమో. ఎందుకో చెప్తాను.

1998 ఎండాకాలంలో మా ఊరు, ఊట్కూరు, నర్వ వైపు నుంచి 42 మందిని తీసుకుని హిమాచల్‌లో ఒక కరెంటు ప్రాజెక్టు పనికి పోయాను. రైలు, బస్సు, లారీ మారి మూడు రోజుల ప్రయాణం. అక్కడ ఎటు చూసినా గోడలాంటి కొండలే. పిల్లల్ని పడుకోబెట్టడానికి జానెడు చదును లేదు. ఒక్కచోట మాత్రం పక్కవాగు పెద్ద నదిలో కలిసే కాడ చక్కటి చదును కనపడింది. వాగు కొండ నుంచి బయటపడే మూతి దగ్గర ఇరుకుగా, నది వైపు వెడల్పుగా, అచ్చం చేట బోర్లా పెట్టినట్టు. నీళ్లు దగ్గర. పని దగ్గర. కాంట్రాక్టరు మనిషి అదే చూపించాడు. నేనూ సరేనన్నాను.

గుంజలు పాతడానికి గుంతలు తీస్తుంటే గడ్డపార ప్రతి పోటుకూ ఖంగుమంటోంది. మన దగ్గర తవ్వితే పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా దిగితే రాయి. ఒక వరస ఉంటుంది. అక్కడ వరసే లేదు. గుమ్మడికాయంత గుండు, దాని పక్కనే పిండిలాంటి బూడిదరంగు మట్టి, ఆ మట్టిలో విరిగిన చెట్టు మొద్దు, దాని కింద మళ్లీ మేకంత రాయి. అంతా కలిపి గంపతో ఒక్కసారి కుమ్మరించినట్టుంది. మూడు జానల లోతులో చెట్టు మొద్దు ఎందుకుంటుంది? పుట్టిన్నుంచి మట్టిపని చేసినోణ్ణి, అడగాల్సిన ప్రశ్న అది. అడగలేదు.

నాలుగు రోజుల తర్వాత గొర్లు తోలుకుపోయే ముసలాయన మా పొయ్యి కాడ చాయ్ తాగుతూ అడగకుండానే చెప్పాడు. ఈ జాగా వాళ్ల నాయన చిన్నప్పుడు లేదట, ఒక్క రాత్రిలో వచ్చిందట. ఇంకోమాట కూడా చెప్పాడు. వానల్లో వాగు పెరిగితే చూసుకోవచ్చు గానీ, ఉన్నట్టుండి సన్నబడితే మాత్రం సామాన్లు వదిలేసి కొండెక్కమన్నాడు. పైన కొండచరియ జారి వాగుకు అడ్డం పడితేనే కింద నీళ్లు తగ్గుతాయి, ఆ అడ్డం ఎంతోసేపు నిలవదు. నేను ఆయన మాట సగం విన్నాను. చిన్నపిల్లలున్న నాలుగు కుటుంబాల గుడిసెలు పై గట్టు మీదికి మార్పించాను. మిగిలినవాళ్లం పైకి నీళ్లు మోయడం ఎవరితో అవుతుందని కిందనే ఉన్నాం.

శ్రావణంలో ఒకనాటి సాయంత్రం గిన్నెలు తోమబోయిన ఆడమనిషి 'నీళ్లు పోయినయ్, వాగుల నీళ్లు పోయినయ్' అని అరిచింది. ఆ అరుపుకే నాకు ముసలాయన గుర్తొచ్చాడు. అందర్నీ పైకి తరిమాను. బియ్యం సంచి వదలనన్న ఒకణ్ణి చెంప మీద కొట్టి మరీ పంపాను. పావుగంటో, ఇరవై నిమిషాలో గడిచాయి. మొదట వాసన వచ్చింది, బావి పూడిక తీసేటప్పుడు వచ్చే పచ్చిమట్టి వాసన. తర్వాత కాళ్ల కింద నేల అదిరింది. పది లారీలు ఒకేసారి కంకర దించినట్టు చప్పుడు. నీళ్లు వస్తాయని చూస్తున్నాం, నీళ్లు రాలేదు. ముందు రాళ్లే వచ్చాయి. కాంక్రీటు కలిపే మిల్లర్‌లోంచి జారే మాల్ ఎట్లుంటుందో అట్లాంటి చిక్కటి బురద, దాని మూతి మీద గదంత గుండ్లు దొర్లుకుంటూ. తెల్లారి చూస్తే పదకొండు గుడిసెల్లో ఒక్కదాని వాసం కొన బయటికి కనపడింది. మనుషులకు ఏం కాలేదు. పోయిన పారలు, తట్టలు, గడ్డపారల డబ్బులు మాత్రం మా లెక్కలోంచి కోసుకున్నారు. అది వేరే కథ.

ఇరవై ఏడేళ్లు ఈ ముచ్చట 'మా అదృష్టం' అనే చెప్పుకుంటూ తిరిగాను. మా మనవరాలు జియాలజీ చదువుతోంది. ధరాలీ వీడియో ఫోనులో చూపిస్తూ 'తాతా, ఆ చదును ఎట్లొచ్చిందనుకుంటున్నవ్? అట్లా ఎన్నోసార్లు వాగొచ్చి పోస్తేనే ఆ చదునయింది' అంది. కొండల్లో వాగు మూతి కాడ చేట ఆకారంలో చదును ఉందంటే, అది వాగు తెచ్చి పోసిన రాళ్లూ మట్టీ అని అర్థమట. ధరాలీలో హోటళ్లు కట్టిందీ అలాంటి చదును మీదనే. ఆ రోజు అక్కడి వాన లెక్కల్లో మేఘం బద్దలయ్యేంత వాన నమోదు కాలేదు. పైనుంచి దిగిన మట్టీ రాళ్లూ మళ్లీ చేటలాగే పరుచుకున్నాయి. దాదాపు 20 హెక్టార్లు, అంటే మన లెక్కన యాభై ఎకరాలు. ఉపగ్రహం ఫొటోలు చూసి ఆ లెక్క కట్టింది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఉపగ్రహం ఫొటోలు చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్లే. దేశంలో 1998 నుంచి 2022 దాకా జారిన దాదాపు 80,000 కొండచరియలను గుర్తించి 2023లో అట్లాస్ (మ్యాపుల పుస్తకం) తెచ్చిందీ వాళ్లే. బాలానగర్ నుంచి మక్తల్‌కు బస్సులో ఒక్కపూట దారి. ఆ సమాచారం మాత్రం ఇంకా రాలేదు.

చమోలీ సంగతి ఇంకా విచిత్రం. 2021 ఫిబ్రవరి 7, ఆదివారం. వాన లేదు, వానాకాలమే కాదు. రోంటీ శిఖరం పక్కన కొండ చెక్క ఒకటి మంచుతో సహా ఊడిపడింది. 2.7 కోట్ల క్యూబిక్ మీటర్లు, అందులో ఐదింట నాలుగు వంతులు రాయే. దాదాపు 1,800 మీటర్ల కిందికి పడేసరికి ఆ రాపిడికి మంచు కరిగి నీళ్లయింది, ఆ నీళ్లు మట్టితో కలిసి లోయంతా తుడిచిపెట్టాయి. రిషిగంగ ప్రాజెక్టు పూర్తిగా పోయింది, తపోవన్‌లో కడుతున్న 520 మెగావాట్ల ప్రాజెక్టు దెబ్బతింది. 200 మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆ ప్రాజెక్టుల్లో పనివాళ్లే. పడింది రాయైనా, మంచైనా చచ్చినోళ్లకు తేడా ఏముంది అంటారా? బతికున్నోళ్లకు ఉంది. 'గ్లేసియర్ పగిలింది' అంటే పనోడు ఎండలు ముదిరితే చూద్దాంలే అనుకుంటాడు. చలికాలం, ఆకాశం నిర్మలంగా ఉన్న పొద్దు కూడా కొండ ఊడిపడొచ్చని తెలిస్తే తలెత్తి చూస్తాడు. అక్కడ భూకంపాల కోసం మన ఉప్పల్ ఎన్‌జీఆర్‌ఐ (భూగర్భాన్ని పరిశోధించే సంస్థ) వాళ్లు పెట్టిన మిషన్లలో ఆ ఊడిపడ్డ అదురు, లోయలో వరద దిగుతున్న అదురు రికార్డయ్యాయి. అలాంటి మిషన్లతో కిందివాళ్లను ముందే హెచ్చరించే వీలుందని జర్మనీ సైంటిస్టులు, మనవాళ్లు కలిసి అదే ఏడాది పరిశోధన పత్రం రాశారు.

ఇక సిక్కిం. 2023 అక్టోబర్ 3 రాత్రి దక్షిణ లోనాక్ అనే మంచు చెరువులోకి పక్క గట్టు జారి పడింది. అల లేచి కట్ట తెగింది. చుంగ్‌థాంగ్‌లో 1,200 మెగావాట్ల ప్రాజెక్టు డ్యామ్ కొట్టుకుపోయింది. చెరువులోంచి పోయిన నీళ్లు 5 కోట్ల క్యూబిక్ మీటర్లు. ఆ నీళ్లు దారిలో కోసుకుని పోయిన మట్టి, రాయి 27 కోట్ల క్యూబిక్ మీటర్లు. ఈ లెక్క మనవరాలు చెప్తే నేను నమ్మలేదు. టీఎంసీల్లోకి మార్చమన్నాను. నీళ్లు రెండు టీఎంసీలు కూడా లేవు. మట్టి తొమ్మిదిన్నర టీఎంసీలు. మన జూరాల నిండితే ఎంతో, ఇంచుమించు అంత! జూరాల గేట్ల మీద నిలబడి చూసినవాళ్లు ఆ నీళ్లన్నీ మట్టీ గుండ్లూ అనుకుని ఒక్కసారి ఊహించుకోండి.

మన పాలమూరుకు కొండచరియల భయం లేదన్నది నిజమే. కానీ మన మనుషులు ఆ చరియల కింద పనిచేస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న మన నల్లమలలోని దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో నీళ్లూ బురదా మీద పడి చిక్కుకున్న ఎనిమిది మంది జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, కశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఇళ్లల్లో నల్లమల ఎట్లుంటదో ఎవరికి తెలుసు?

స్విట్జర్లాండ్‌లో బ్లాటెన్ అనే ఊరి పైన కొండ కదులుతోందని ముందే పసిగట్టి, 2025 మే 19న మూడొందల మందిని ఖాళీ చేయించారు. ఆవును కూడా హెలికాప్టర్‌కు కట్టి దించారు. మే 28న గ్లేసియర్ కూలి ఊరు దాదాపు మొత్తం కప్పేసింది. పోయింది ఒక్క మనిషి. మేం హెలికాప్టర్లు అడగడం లేదు. మన కార్మిక శాఖ వలస పోయే గుంపుల మేస్త్రీలను పిలిచి ఒక్కపూట కూర్చోబెట్టి, పని జాగా ఉపగ్రహం ఫొటో చూపించి, ఇదిగో ఇక్కడ గుడిసెలు వేయొద్దు, సైరన్ మోగితే ఈ దారిన ఎక్కండి అని తెలుగులో చెప్తే చాలు. మీరు మీ జిల్లా పేజీలో, వానాకాలం ముందు, ఆ చేట బొమ్మ ఒక్కటి వేయండి. వాగు మూతి ఏది, చదును ఏది, పై గట్టు ఏది అని బాణం గుర్తులు పెట్టి.

మా తమ్ముడి కొడుకు వచ్చే నెల ఉత్తరాఖండ్ రోడ్డు పనికి పోతున్నాడు. అడ్వాన్స్ తీసుకున్నాడు, ఇంటి స్లాబుకు ఖర్చు కూడా అయిపోయింది కాబట్టి ఆపలేను. మొన్న 'గుడిసెలు ఏడ ఏస్తర్రా?' అని అడిగాను. 'ఏమో పెద్దనాయనా, మేస్త్రీ చూపిచ్చిన కాడ' అన్నాడు. మస్టర్ కాగితం వెనకాల చేట బొమ్మ గీసి ఇచ్చాను. ఫోనులో ఫొటో తీసుకుని, కాగితం ఇక్కడే వదిలేసి పోయాడు. ఈ ఉత్తరంతో పాటు అదే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పాత గుంపు మేస్త్రీ,
మక్తల్ మండలం, నారాయణపేట జిల్లా