మా అమ్మ మంచం మీద పడుకుని చూసిన మేస్త్రీ గారికి

తుఫానుకి ఎగిరిపోయిన మా కప్పు మళ్ళీ వేసిన చర్చి బ్యాచ్ నిన్న సాయంత్రం లారీ ఎక్కి వెళ్ళిపోయింది. రేకు అంచులు కోసిన చోటల్లా చేతులు ఇంకా మండుతున్నాయి, ఫోన్‌లో టైపు చేయడం కష్టంగా ఉంది, తప్పులుంటే సర్దుకోండి. రేపటి నుంచి డ్యూటీలో పడితే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు, అందుకే ఈ రాత్రే కూర్చున్నాను.

2014 అక్టోబరు 12 ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు గురించి విశాఖ వాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. బయటి ఊళ్ళలో ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది కంచరపాలెంలో కొండవాలున రేకుల ఇల్లు. పొద్దుట్నుంచీ గాలి ఒకే దిక్కు నుంచి కొట్టి కొట్టి, మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగింది. హుద్‌హుద్ వెళ్ళిపోయిందనుకుని మా అమ్మ తలుపు తీసి చీపురు కూడా పట్టుకుంది. అది తుఫాను కన్ను అని, నడినెత్తి మీంచి వెళ్తోందని మాకేం తెలుసు! కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడింది. అప్పటికే ఒకవైపు వదులైపోయిన రేకులు రెండోవైపు నుంచి లేచిపోయాయి. పదహారింటిలో పన్నెండు పోయాయి. ఒకటి మూడిళ్ళ అవతల మేడ మీద ముక్కలై దొరికింది.

తర్వాత ఐదు రోజులు టార్పాలిన్ కింద. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టుకి ఎవరి నోటికొచ్చిన రేటు వాళ్ళది. అమ్మకి ఆయాసం.

శుక్రవారం మా వీధి చివర చర్చి పాస్టర్ గారు పదకొండు మందిని వెంటబెట్టుకొచ్చారు. అందరూ కోనసీమ వాళ్ళు, అక్కడి చర్చిల నుంచి లారీలో రేకులు, సర్వి బాదులు, హుక్కులు వేసుకుని వచ్చారు. ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళేవో చెప్పమన్నారు, అంతే. మేం సింహాచలం అప్పన్నకి మొక్కేవాళ్ళం, గుమ్మం మీద బొమ్మ కూడా ఉంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు.

వాళ్ళలో పెద్దాయన ఒకరు, రేకుల మేస్త్రీ, అరవై దాటి ఉంటాయి. పేరు రాయొద్దని మరీ మరీ చెప్పారు కాబట్టి రాయడం లేదు. లోపలికి వస్తూనే మా అమ్మని అడిగారు, "చెల్లెమ్మా, నువ్వు పడుకునేది ఎక్కడ?" అని. అమ్మ మూల చూపించింది. ఆయన టేపు తీసి గోడ నుంచి మంచం దాకా కొలిచి, పైకి చూసి, మళ్ళీ కొలిచి, మొదటి వరసలో ఒక రేకు సగానికి కోయించారు. ఎందుకని అడిగితే, "అతుకు ఆవిడ మీదకి రాకూడదండీ, ఎప్పటికైనా కారేది అతుకు దగ్గరే" అన్నారు. దానికి ఎండలో గంట పైనే పట్టింది.

సరే, కప్పు అయింది. నేనైతే అక్కడితో దండం పెట్టి పంపేసేవాణ్ణి. ఆయన నన్ను రెండు బకెట్ల నీళ్ళతో పైకి ఎక్కించి, తను వెళ్ళి మా అమ్మ నవారు మంచం మీద వెల్లకిలా పడుకున్నారు, ముఖం పైకి పెట్టుకుని. "పొయ్యి బాబూ." పోశాను. "ఇంకోటి పొయ్యి." పోశాను. "ఆయ్, ఇక్కడుంది" అన్నారు. చుక్క సరిగ్గా ఆయన చెంప మీద పడిందట. లేచి నిచ్చెనెక్కి, ఆ హుక్కు విప్పి, తారు వాషర్ మార్చి, మళ్ళీ దిగి, మళ్ళీ అదే మంచం మీద పడుకున్నారు. ఈసారి నాలుగు బకెట్లు. చుక్క పడలేదు. "ఇంక పడుకో చెల్లెమ్మా" అని తడిసిన తలగుడ్డ పిండుకుంటూ బయటికి పోయారు. నేను ఖాళీ బకెట్ పట్టుకుని పైనే ఉండిపోయాను. ఈ ముఖంతో కిందికి ఎలా దిగడం అని, ఓ పది నిమిషాలు.

ఆ రాత్రి అడిగితే చెప్పారు. 1996 నవంబరు తుఫానులో వాళ్ళ కొబ్బరి చెట్లన్నీ పడుకున్నాయట, ఇల్లు నేలమట్టమైందట, ఎక్కడి వాళ్ళో వచ్చి నిలబెట్టి పోయారట. "వాళ్ళ ఊరేదో కూడా అడగలేదు బాబూ" అన్నారు.

మర్నాటి నుంచి నేనూ వాళ్ళతోనే. సెలవు పెట్టేశాను, జీతం కోస్తే కోసుకోనీ. తొమ్మిది ఇళ్ళు. పని రానివాణ్ణి కాబట్టి మోత నాది, పది అడుగుల సిమెంటు రేకు ఇద్దరు పడితేగానీ కదలదు. హుక్కు రేకు ఉబ్బు మీదే వేయాలి, పల్లంలో వేస్తే నీరంతా ఆ కన్నంలోకే. రేకు మీద కాలు పెట్టకూడదు, దూలాల మీద పలక వేసుకుని దాని మీదే నడవాలి. పాత ముక్కల్ని తడిపి, మూతికి తువ్వాలు కట్టుకునే ఎత్తాలి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రెండు రేకులు పగలగొట్టాను కూడా. ఏమీ అనలేదు, ఆ ముక్కలు మరుగుదొడ్డి కప్పుకి వాడేశారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. నష్టం రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు, కాగితాల అట్ట పట్టుకుని. గుమ్మం దాటలేదు. రోడ్డు మీంచే చూసి, గోడలున్నాయి కాబట్టి పాక్షికం అన్నాడు. పట్టా చనిపోయిన నాన్న పేరున ఉందని అదొక పేచీ. బ్యాంకు పుస్తకం తడిసి ముద్దయిందంటే, జెరాక్సు తెమ్మన్నాడు. కరెంటు లేని ఊళ్ళో జెరాక్సు! ప్రధాని గారు వచ్చి 1000 కోట్లు ప్రకటించి వెళ్ళారని అప్పటికే విన్నాం. మా పేరు జాబితాలో ఉందో లేదో ఇవాళ్టికీ చెప్పేవాడు లేడు. పోనీలెండి, దీని మీద రాస్తే తెల్లారిపోతుంది.

మా అక్కా బావా పిల్లల్ని పది రోజులు ఉంచుకున్నారు, మా ఆవిడ రోజూ పదిహేను మందికి ఉప్మా వండింది. వాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు.

పోస్టు చేసేద్దామనుకుంటే ఇంకా గుర్తొస్తున్నారు. జనరేటర్ మీద వీధి మొత్తానికి ఫోన్లు ఛార్జింగ్ పెట్టి పైసా తీసుకోని మటన్ కొట్టు బాబాయి. మా గుమ్మానికి అడ్డంగా పడ్డ వేపచెట్టు కోసిన కుర్రాళ్ళు, మీరు డిగ్రీ కాలేజీ వాళ్ళని తప్ప నాకేం తెలియదు. మెట్ల దాకా ట్యాంకర్ రివర్స్‌లో తెచ్చిన డ్రైవరన్న. అమ్మకి ఇన్‌హేలర్ అప్పు మీద ఇచ్చిన మందుల షాపు అమ్మాయి, డబ్బులు రేపు తెస్తానమ్మా, మర్చిపోలేదు. పాస్టర్ గారి భార్య, అయ్యో, ఆవిడని మొదట్లోనే రాయాల్సింది, అంతమందికి రాత్రి భోజనాలు ఆవిడవే.

ఇంకొకటి. మేస్త్రీ గారి టేపు మా ఇంట్లోనే ఉండిపోయింది, పసుపు రంగుది, మొదటి రెండంగుళాలు అరిగిపోయాయి. అది లేకపోతే ఆయనకి పని సాగదు. బ్యాచ్ వాళ్ళెవరైనా ఇది చూస్తే చెప్పండి, అమలాపురం బస్సుకిచ్చి పంపమన్నా సరే, నన్నే రమ్మన్నా సరే.