కారణం బెన్నింగే చెప్పాడు

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో అమెరికా సైనిక శిబిరం ఫోర్ట్ బెన్నింగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. అంతర్యుద్ధంలో దక్షిణాది వైపు పోరాడిన జనరల్ హెన్రీ బెన్నింగ్, రాష్ట్రాల హక్కుల కోసం, అంటే కేంద్రం పెత్తనం రాష్ట్రాల మీద ఉండకూడదన్న వాదం కోసం, కత్తి పట్టిన జడ్జి అని రాశారు. ఆ తప్పు మీ ఒక్కరిదే అనను. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పిన 29 ఏళ్ళూ, అమెరికా అంతర్యుద్ధానికి కారణాల్లో మొదటి పాయింటుగా ‘రాష్ట్రాల హక్కులు’ అని నేనూ నోట్సు రాయించాను. పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకున్నారు.

రిటైరయ్యాక జార్జియాలోని కొలంబస్‌లో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళు ఉన్నాను. బెన్నింగ్ ప్లీడరీ చేసింది ఆ ఊళ్ళోనే, 1875లో పోయిందీ అక్కడే. ఆయన 1861 ఫిబ్రవరి 18న రిచ్‌మండ్‌లో చేసిన ప్రసంగం మా అల్లుడు ప్రింటు తీసిచ్చాడు. జార్జియా తరఫున వెళ్ళి, మీరూ అమెరికా నుంచి విడిపోయి మాతో కలవండని వర్జీనియా వాళ్ళను అడిగిన ప్రసంగం. మేం ఎందుకు విడిపోయామో ఒక్క మాటలో చెప్తానన్నాడు. ఉత్తరాదితో తెగతెంపులు చేసుకుంటే తప్ప మా దగ్గర బానిసత్వం రద్దు కాకుండా ఆగదని గట్టిగా నమ్మాం, అదీ కారణం అన్నాడు.

ఇంకాస్త కిందికి వస్తే, నల్లవాళ్ళే గవర్నర్లవుతారు, శాసనసభలూ వాళ్ళవే, జ్యూరీలూ వాళ్ళవే అవుతాయని సభను భయపెట్టాడు. జ్యూరీ అన్న మాట మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. 1853 నుంచి ఆరేళ్ళు రాష్ట్ర సుప్రీంకోర్టులో తీర్పులు చెప్పిన మనిషి! నల్లవాడు వచ్చి జ్యూరీలో కూర్చుంటాడన్నది ఆయనకు ఘోరంగా తోచింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బెన్నింగ్ తెలివిగలవాడే. రాజ్యాంగం విషయంలో దేశ సుప్రీంకోర్టు మాటకు మా కోర్టు కట్టుబడక్కర్లేదని 1854లో తీర్పు రాశాడు. మీ వ్యాసం పట్టుకున్నది దాన్నే. ధైర్యమూ ఉంది. 1863లో చికమాగా యుద్ధంలో తన కింద రెండు గుర్రాలు కూలిపోతే, ఫిరంగి బండికి కట్టిన గుర్రాన్ని విప్పుకుని జీను లేకుండానే ఎక్కాడు. మరుసటి ఏడు విల్డర్‌నెస్ యుద్ధంలో భుజానికి పెద్ద గాయమైంది. ఇవన్నీ రాయండి. ఆ ధైర్యం దేనికోసమో కూడా, ఆయన నోటి మాటతోనే రాయండి.

ఇంకో సవరణ. 2023లో ఫోర్ట్ మూర్‌గా మారిన శిబిరానికి 2025లో జనరల్ పేరే తిరిగి పెట్టారని రాశారు. ఇంటిపేరు అదే గానీ మనిషి వేరు. అధికారికంగా ఇప్పుడున్నది మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన కార్పొరల్ ఫ్రెడ్ బెన్నింగ్ పేరు.

నా దగ్గర చదువుకున్నవాళ్ళు మీ పత్రిక చదువుతారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు లెక్చరర్లు. ఈ ఉత్తరం వేస్తే, నేను రాయించిన ఆ మొదటి పాయింటు కొట్టేసి తమ పిల్లలకు సరిగా చెప్తారు.

రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్,
తెనాలి