నికోడెమస్ బడి ట్రిప్ జమా ఖర్చులు (అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ)

అందరికీ నమస్కారం. మే నెలలో మన ఆదివారం తెలుగు క్లాసు పిల్లల్ని నికోడెమస్ (కాన్సస్ లో నల్లవాళ్ళు కట్టుకున్న పాత ఊరు) తీసుకెళ్ళిన ట్రిప్ లెక్కలు కమిటీ తరఫున కింద రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపికగా చదవండి. ఎందుకంటే గ్రూపులో వచ్చిన ప్రశ్నలన్నీ "ఎంత అయింది" అని కాదు, "ఎందుకు అయింది" అని. ముఖ్యంగా ఓ అన్నయ్య అడిగారు, తెలుగు క్లాసు పేరు మీద చందాలు ఎత్తి ఎవరిదో మూతబడిన బడికి ఐదొందలు ఇవ్వడమేంటండీ అని. న్యాయమైన ప్రశ్నే, దానికి జవాబు చివర్లో కాదు, ఆ పద్దు దగ్గరికి రాగానే చెప్తా.

ముందు జమ. 17 కుటుంబాలు, ఒక్కో కుటుంబం 150 డాలర్లు, మొత్తం 2,550. ఉగాది రోజు పెట్టిన స్టాల్ మీద వచ్చింది 1,148 (మిర్చి బజ్జీలే సగానికి పైన, పులిహోర మిగిలిపోయింది, వచ్చే ఏడాది తగ్గించండి). ట్రిప్ కి రాకపోయినా విడిగా ఇచ్చినవాళ్ళ చందాలు 925. పిల్లలు క్లాసులో పెట్టుకున్న డబ్బాలో చిల్లర 43.50. అన్నీ కలిపి 4,666.50. ఆఫీసు మ్యాచింగ్ (మనమిచ్చిన చందాకి మన కంపెనీ కూడా జత చేసేది) ఎందుకు తీసుకోలేదు అని ఇద్దరు ముగ్గురు అడిగారు, మనది రిజిస్టర్ అయిన సంస్థ కాదండీ, పది మంది అమ్మానాన్నలు కలిసి నడుపుకుంటున్న క్లాసు, మ్యాచింగ్ రాదు, ఆ కాగితాల పని నెత్తికెత్తుకునే మనిషి దొరికితే అప్పుడు చూద్దాం.

ఇప్పుడు ఖర్చు. స్టాల్ సరుకులు 376, దీని మీద గొడవ లేదు. బస్సు 2,780, గొడవంతా దీని మీదే. మన ఓవర్లాండ్ పార్క్ నించి నికోడెమస్ కి ఐ-70 హైవే మీద హేస్ దాకా వెళ్ళి అక్కడ నించి ఉత్తరానికి తిరిగి స్టాక్టన్ మీదుగా పడమరకి పోవాలి, ఒక వైపే ఐదు గంటలు పైమాటే. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేద్దాం అనే మేమూ మొదట అనుకున్నాం, కానీ ప్యాసింజర్ బస్సు డ్రైవర్ పది గంటలకి మించి నడపకూడదు, అది ఫెడరల్ రూలు, మనం బతిమాలినా కుదిరేది కాదు, కుదరకూడదు కూడా, వెనక సీట్లలో ఉన్నది మన పిల్లలు. అందుకే హేస్ లో ఒక రాత్రి ఆగాం, అందుకే బస్సు రెండు రోజుల అద్దె, అందుకే డ్రైవర్ గారి గదికి 94. మన గదులకి ఎవరికి వాళ్ళు కట్టుకున్నారు కాబట్టి ఆ లెక్క ఇందులో లేదు. టిప్పు 120. ఇంకో 75 క్లీనింగ్ ఫీజు అని బస్సు కంపెనీ వేసింది, కారణం ఆవకాయ. సీసా ఎవరిది అనేది ఇక్కడ రాయను, ఆవిడ తనే కడతానంది, కమిటీ వద్దంది, ఎందుకంటే ఆ ఆవకాయ అందరం తిన్నాం.

తిండికి 188.40. ఉప్మా, పెరుగన్నం ఇళ్ళల్లో చేసుకొచ్చారు, ఇది నీళ్ళు, పళ్ళు, ప్లేట్లు, కప్పులు. ప్లేట్లు రెండుసార్లు కొన్నట్టు బిల్లుల్లో కనిపిస్తుంది, నిజమే. హేస్ లో మళ్ళీ కొనాల్సొచ్చింది. మొదటి ప్యాకెట్ ని స్టాక్టన్ దాటాక రోడ్డు పక్కన ఆగినప్పుడు తెరిచాం, ఆ గాలికి మొత్తం లేచి గోధుమ చేలోకి పోయాయి, పిల్లలు వెంటపడి ఏరుకొచ్చారు కానీ వాటిల్లో తినలేం కదా. ప్రెయిరీ (గడ్డి మైదానం) అంటే ఏంటో పుస్తకంలో చదివితే తెలీదు, చెట్టు అనేది కనపడదు, గాలికి అడ్డం అనేది లేదు.

ఇక్కడ ఆగి కొంచెం ఆ ఊరి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతా పద్దులు అర్థం కావు. 1877 లో కెంటకీ నించి అప్పటికి పన్నెండేళ్ళ ముందు దాకా బానిసలుగా ఉన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, "కాన్సస్ లో మనకి సొంత ఊరు" అన్న మాట నమ్మి బయల్దేరారు. లెక్సింగ్టన్ లో పంచిన కరపత్రం ఇప్పటికీ ఉంది, సభ్యత్వం ఒక డాలర్, సెప్టెంబర్ 1 లోపు కట్టాలి, ఒక్కసారి కట్టలేకపోతే పావు డాలర్ చొప్పున వాయిదాల్లో కట్టొచ్చు. అంటే పావలా పావలా. చందాలు ఎత్తే పని చేసినవాణ్ణి కాబట్టి ఆ పావలా లెక్క ఎవరు రాసుకున్నారో, ఎన్ని ఇళ్ళ చుట్టూ తిరిగారో అనే నాకు ముందు తట్టింది. ఆ శరదృతువులో ఎల్లిస్ దాకా రైల్లో వచ్చి అక్కడ నించి నడుచుకుంటూ సుమారు మూడొందల మంది చేరారు. చేరాక చూస్తే ఊరు లేదు. నేలలో తవ్వుకున్న గుంతల్లో మనుషులు కాపురం ఉంటున్నారు, పొగ మాత్రం నేలలోంచి వస్తోంది. కొంతమంది మర్నాడే వెనక్కి వెళ్ళిపోయారు. తర్వాతి ఏడాది వచ్చిన విలియానా హిక్మన్ అనే ఆవిడ ఆ చోటు చూసి ఏడ్చేశానని తర్వాత చెప్పుకుంది. మొదటి చలికాలం వేట నించి తిరిగొస్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్ళు తిండి ఇవ్వబట్టి గట్టెక్కారు.

అలాంటి చోట బడి ఎప్పుడు పెట్టారు అనుకుంటున్నారు? వెంటనే. జెన్నీ స్మిత్ ఫ్లెచర్ అనే ఆవిడ ఊరి మొదటి టీచర్, పిల్లలకి పాఠాలు మొదలైంది ఆ గుంత ఇళ్ళల్లోనే. 1879 కల్లా దాన్ని పద్ధతిగా స్కూల్ డిస్ట్రిక్ట్ (చట్టప్రకారం పన్ను వేసుకుని బడి నడుపుకునే యూనిట్) చేయించుకున్నారు. ఆ ఊరున్న గ్రాహమ్ కౌంటీ మొత్తంలో అదే మొదటిది, అందుకే దాని పేరు డిస్ట్రిక్ట్ నంబర్ 1. మన పిల్లల్లో ఒకడు "నంబర్ వన్ అంటే ర్యాంకా" అని అడిగాడు, వాడు మన వాడే అని అక్కడే తెలిసిపోయింది. పేదరికంలో ఉన్న ఈ ఊరు చుట్టుపక్కల తెల్లవాళ్ళ ఊళ్ళకంటే ముందు బడి రిజిస్టర్ చేయించుకుంది అనేది పిల్లలకి చెప్పాల్సిన పాయింటు, చెప్పాం.

దీనికి డబ్బు ఎలా వచ్చేది అనేది మన లెక్కల మాస్టారు గారు బస్సులో అరగంట చెప్పారు, సగం మంది నిద్రపోయారు కాబట్టి మళ్ళీ రాస్తున్నా. కాన్సస్ రాష్ట్రం 1861 లో ఏర్పడినప్పుడు సర్వే చేసిన ప్రతి టౌన్‌షిప్ (ఆరు మైళ్ళ చదరం భూమి) లో 36 సెక్షన్లుంటే, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, వాటిల్లో 16వదీ 36వదీ బళ్ళ కోసం అని పక్కన పెట్టారు. ఆ భూములు అమ్మిన సొమ్ము రాష్ట్రం ఖజానాలో శాశ్వత నిధిగా ఉంటే, దాని వడ్డీ మాత్రం పిల్లల సంఖ్యని బట్టి ఒక్కో బడికి పంచేవాళ్ళు. అది టీచరు జీతంలో ఓ మూలకి వచ్చేది, మిగతాది ఊళ్ళో వాళ్ళు తమ మీద తామే పన్ను వేసుకోవాలి. మన ఊళ్ళల్లో బడికి స్థలం ఇచ్చిన దాత పేరు గోడ మీద ఎర్రక్షరాల్లో ఉంటుంది చూడండి, ఇక్కడ ఆ దాత ఎవరూ లేరు, అసలు భూమే బడికి దాత అన్నమాట. (ఆ భూమి అంతకు ముందు ఎవరిది అనేది ఇంకో పెద్ద కథ.)

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళ కమిటీ. ప్రతి బడి డిస్ట్రిక్ట్ కీ ముగ్గురు, డైరెక్టర్, క్లర్కు, ట్రెజరర్. ఏడాదికోసారి ఊరంతా మీటింగు పెట్టుకుని లెక్కలు వినిపించాలి, పన్ను ఎంత, బడి ఎన్ని నెలలు నడపాలి అనేది అక్కడే చేతులెత్తి తేల్చుకోవాలి. ఆ మీటింగుల్లో ఆడవాళ్ళకి 1861 నించే ఓటు ఉంది, రాష్ట్రంలో మిగతా అన్ని ఎన్నికల్లో ఓటు వచ్చేసరికి 1912 అయింది. ఓ వదిన వెంటనే అంది, "మరి మన కమిటీలో ముగ్గురూ మగవాళ్ళే ఏంటి" అని. వచ్చే ఏడాదికి ట్రెజరర్ గా ఆవిడ పేరే ప్రతిపాదిస్తున్నా, ఫైలు సిద్ధంగా ఉంది.

ఇంకో ప్రశ్న, టొపీకా గంట దూరంలోనే ఉంది, అక్కడ బ్రౌన్ కేసు (బళ్ళల్లో రంగు వివక్ష మీద నడిచిన కేసు) మ్యూజియం ఉంది, టికెట్ కూడా లేదు, ఇంత దూరం ఎందుకు అని. టొపీకా కూడా వెళ్దాం, తప్పకుండా. కానీ రెండూ కలిపి చూస్తేనే విషయం తెలుస్తుంది. 1879 లో కాన్సస్ చట్టం పెద్ద పట్టణాలకి మాత్రం చిన్న పిల్లల బళ్ళని రంగుని బట్టి విడగొట్టుకునే వీలిచ్చింది, టొపీకా అలా విడగొట్టుకున్న ఊరు, ఆ పద్ధతి చెల్లదనే 1954 లో సుప్రీం కోర్టు తీర్పు వచ్చింది. సరిగ్గా ఆ 1879 లోనే నికోడెమస్ తన బడిని తనే నడుపుకోవడం మొదలెట్టింది. అక్కడ ట్రెజరరూ వాళ్ళే, టీచరూ వాళ్ళే. ఒక చోట పిల్లల్ని ఏ బళ్ళోకి రానివ్వాలో ఇంకొకళ్ళు చెప్పారు, ఇంకో చోట ఎవరూ చెప్పలేదు. ఈ తేడా ఏడో క్లాసు పిల్లకి కూడా అర్థమైంది, తనే రాసింది వ్యాసంలో.

1887 లో నాలుగు గదులతో పెద్ద బడి కట్టారు, అదే ఊరు మంచి ఊపులో ఉన్న టైము. అదే ఏడాది రైలు రప్పించడానికి 16,000 డాలర్ల బాండ్లకి ఓటు వేశారు, మిస్సోరీ పసిఫిక్ అనే రైలు కంపెనీ రానే లేదు, 1888 లో యూనియన్ పసిఫిక్ వచ్చింది కానీ ఏటికి అవతలి పక్క నించి పోయింది, ఆరు మైళ్ళ దూరంలో బోగ్ అనే ఊరు లేచింది, ఇక్కడి షాపులు చాలా వరకు అక్కడికి తరలిపోయాయి. రైలు పోయింది, కొట్లు పోయాయి, బడి మాత్రం ఉండిపోయింది. ఆ పెద్ద బడి తర్వాత కాలిపోతే 1918 లో చిన్నది కట్టుకున్నారు, మనం చూసింది అదే. 1953 లో పోస్టాఫీసు మూసేశారు, 1960 ప్రాంతంలో బడి కూడా. అది ఒక్క నికోడెమస్ సంగతి కాదు, ఒకప్పుడు 9,000 కి పైగా స్కూల్ డిస్ట్రిక్టులు ఉన్న కాన్సస్ లో 1963 చట్టం తర్వాత అవి సుమారు 300 కి వచ్చేశాయి. ఊళ్ళో పుట్టి పెరిగిన వెరిల్ స్విట్జర్ హైస్కూలు బోగ్ లోనే చదివాడు, తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీముకి ఆడాడు. ఈ మాట చెప్పాక గానీ మన అబ్బాయిలు ఫోన్లు జేబులో పెట్టలేదు.

ఇప్పుడు ఆ అన్నయ్య అడిగిన 500. ఊరి పాత టౌన్‌షిప్ హాల్లో నేషనల్ పార్క్ వాళ్ళ విజిటర్ సెంటర్ ఉంది (1996 లో ఆ ఊరిని నేషనల్ హిస్టారిక్ సైట్ చేశారు), దానికి టికెట్ లేదు. 54 మందిమి వెళ్ళాం, రెండు పూటలు చూశాం, ఎవరికీ పైసా కట్టలేదు. ఇప్పుడు ఊళ్ళో ఉండేది గుప్పెడు మందే, కానీ ప్రతి జులై చివర్లో హోమ్‌కమింగ్ అని దేశం నలుమూలల నించి వందల మంది వాళ్ళ మనవలు వస్తారు, మన జాతరకి వచ్చినట్టు. ఆ చరిత్ర కాగితాలు, ఫోటోలు కాపాడే అక్కడి సంఘానికి చెక్కు పంపాం. కమిటీలో ముగ్గురిలో ఇద్దరం ఓకే అన్నాం, ఒకరు 250 చాలన్నారు, ఆయన అభ్యంతరం మినిట్స్ లో రాశాం. ఇంకో సంగతి, ఈ 500 విడిగా వచ్చిన 925 చందాల్లోంచి ఇచ్చాం, కుటుంబాలు కట్టిన 150 ల్లోంచి ఒక్క డాలరు కూడా వెళ్ళలేదు. ఆ చందాలు అడిగేటప్పుడే మెసేజ్ లో "కొంత అక్కడి బడి చరిత్రకి" అని రాసి ఉంది, వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు.

మిగిలినవి చిన్నవి. పలకలు, సుద్ద ముక్కలు 41.60. బడికి తాళం ఉంది, బయట గడ్డిలో కూర్చోబెట్టి పిల్లల చేత పలక మీద రాయించాం, బలపాలు దొరకలేదు కాబట్టి సుద్దలే. "అ" రాస్తే సుద్దపొడి పక్కవాడి కళ్ళల్లోకి పోయింది, ఆ గాలికి. ట్రిప్ మీద పిల్లలు చేసిన పుస్తకం ప్రింటింగ్ 312, ఎనభై కాపీలు, ఎడమ పేజీ పిల్లలు తెలుగులో రాసింది, కుడి పేజీ వాళ్ళే గీసిన బొమ్మలు. తప్పులు దిద్దలేదు, కావాలనే. "గుంత ఇల్లు" అని ఒకమ్మాయి గీసిన బొమ్మలో చిమ్నీ దగ్గర ఆవు నిలబడి ఉంటుంది, కప్పు మీద గడ్డి మేస్తూ. పోస్టేజీ 9.85.

మొత్తం ఖర్చు 4,496.85. నిల్వ 169.65. ఈ నిల్వని రెండో ప్రింటుకి వాడదామని నా ప్రతిపాదన, మొదటి ఎనభై కాపీలూ అయిపోయాయి, తాతయ్యలు అమ్మమ్మలు విజయవాడ నించీ కరీంనగర్ నించీ కూడా అడుగుతున్నారు. వద్దు, టొపీకా ట్రిప్ కి దాచండి అంటే అదీ సరే, ఆదివారం క్లాసు అయ్యాక చేతులెత్తి తేల్చుకుందాం. బిల్లులన్నీ నీలం ఫైల్లో వరసగా పెట్టాను, ఆవకాయ ఫీజు రసీదుతో సహా. ఎవరైనా చూసుకోవచ్చు, ఇంటికి తీసుకెళ్తే మాత్రం సంతకం పెట్టి తీసుకెళ్ళండి.