క్యాచ్ వదిలేసిన మొనగాడు

ఒరేయ్ మామా,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టు, పడతాను. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

జార్జ్ రైట్ అని అమెరికాలో ఒకడుండేవాడురా. బేస్‌బాల్‌లో షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపు కాసేవాడు (బేస్ అంటే పరిగెత్తేవాడు చేరుకోవాల్సిన మజిలీ). వాళ్ల నాన్న న్యూయార్క్‌లో క్రికెట్ ప్రొఫెషనల్! అన్న హ్యారీ 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చి ఆడించాడు. తమ్ముడికి 1,400 డాలర్లు, తనకి 1,200. (మీ అన్నయ్యయితే... వద్దులే, ఆ గొడవ మళ్లీ ఎందుకు.) ఆ ఏడాది ఒక్క మ్యాచ్ ఓడలేదు.

ఇప్పుడు విను. 1870 జూన్ 14, బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్‌తో ఆట. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 5-5. టై చాల్లే అని వాళ్లు వెళ్లిపోబోతే హ్యారీ ఒప్పుకోలేదు. పదో ఇన్నింగ్స్‌లో అట్లాంటిక్స్ వాళ్లు ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, ఒకడు ఔట్. బంతి గాల్లోకి లేచి తిన్నగా జార్జ్ మీదికే వచ్చింది. అప్పట్లో గ్లవ్స్ లేవు, ఉత్త చేతులే. ఎలాగూ పట్టేస్తాడు కదా అని రన్నర్లిద్దరూ కదల్లేదు. దొంగవెధవ, కావాలనే వదిలేశాడు! పడితే ఒక్కడే ఔట్. నేల మీద పడిందా, కొట్టినవాడు పరిగెత్తాలి, వాడికి చోటిచ్చి ముందున్న ఇద్దరూ జరగాలి. వాళ్లు తేరుకుని చేరేలోపే బంతి మూడో బేస్‌కి, అక్కణ్ణుంచి రెండో బేస్‌కి వెళ్లిపోయింది, మన రనౌట్ లాగే. ఇద్దరూ ఔట్!

ఇలాంటివి సాగకుండా 1895లో ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని రూలే పెట్టారు, అంటే అలాంటి తేలిక క్యాచ్ పట్టినా వదిలినా కొట్టినవాడు ఔటే. మోసం అంటావా? నేనైతే తెలివే అంటాను. చెరువుగట్టు మ్యాచ్‌లో నువ్వు వదిలేసి ‘స్ట్రాటజీ’ అన్నావే, కొబ్బరిచెట్టు సాక్షిగా అది మాత్రం ఈ కోవలోకి రాదు.

ఇంతా చేస్తే పదకొండో ఇన్నింగ్స్‌లో రెడ్ స్టాకింగ్సే 8-7తో ఓడిపోయారురా. చదివి కాసేపు మనసేం బాగాలేదు, నవ్వకు.

తర్వాత అన్నదమ్ములిద్దరూ బోస్టన్ జట్టులో వరసగా 1872 నుంచి 1875 దాకా ఛాంపియన్లు. 1879లో జార్జ్ ప్రావిడెన్స్ జట్టుకి మేనేజరై, అన్న నడిపే బోస్టన్‌నే రెండో స్థానానికి నెట్టాడు! ఆ పూట ఇంట్లో భోజనాలు ఎలా జరిగాయో... ఆటసామాన్ల వ్యాపారం పెట్టాడు, కొడుకు 1904 ఒలింపిక్స్ టెన్నిస్‌లో బంగారం కొట్టాడు.

అన్నట్టు బోస్టన్ వాళ్లు 1874లో ఇంగ్లండ్ వెళ్లి లార్డ్స్‌లో క్రికెట్ కూడా ఆడారు, అక్కడేమో... అబ్బా, కింద క్యాబ్‌వాడు ఒకటే హారన్. ఉంటానురా, రాత్రికి ఫోన్ చెయ్.