అలోన్సోను పాయింట్ల పట్టికతో కొలవకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ క్రీడా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఫార్ములా వన్ కారు రేసుల డ్రైవరు ఫెర్నాండో అలోన్సోకు 44 ఏళ్లు వచ్చాయని, 2013లో స్పెయిన్‌లో గెలిచిన తర్వాత మరో గ్రాండ్ ప్రి, అంటే ఆ రేసు, గెలవలేదని, ఇక కుర్రవాళ్లకు సీటు వదలడమే గౌరవమని అందులో రాశారు. వయసు నిజం. గెలుపు లేదన్నదీ నిజం. ఆ రెండింటినీ కలిపి ఇచ్చిన తీర్పు మాత్రం అన్యాయం.

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తీశాడన్న లెక్క, అంటే మేము కేఎంపీఎల్ అనేది, ప్రతి డ్రైవరు పేరు మీదా ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు లెక్కను హైవే మీద పోయే బస్సు లెక్క పక్కన పెట్టి, ఘాట్ డ్రైవరుకు పని రాదంటే డిపోలో ఎవరూ ఒప్పుకోరు. ఒకే బండిని ఒకే రూటులో ఇద్దరూ నడిపినప్పుడే ఎవరి పనితనం ఎంతో తెలుస్తుంది. రిటైర్మెంటుకు నెలలు మిగిలి ఉన్న పెద్దాయన నడిపిన బండికి క్లచ్ ప్లేట్లు, బ్రేకు లైనర్లు ఎక్కువ కాలం రావడం నా చేతులతో విప్పి చూశాను. పాతికేళ్ల కుర్రవాడు అదే బండిని నెలలో షెడ్డుకు తెచ్చిన సందర్భాలూ చూశాను.

ఫార్ములా వన్‌లో ఏ జట్టు కారు ఆ జట్టే తయారు చేసుకుంటుంది. కారులో లోటు ఉంటే దాన్ని పూర్తిగా పూడ్చగల మనిషి లేడు. క్రికెట్‌లో ఇద్దరు బ్యాటర్లకు ఒకే పిచ్, ఒకే బౌలర్లు దొరుకుతారు. ఇక్కడ ఒకే రకం కారు దొరికేది జట్టులోని సహచరుడికి మాత్రమే. కాబట్టి మొదట చూడాల్సింది సహచరుడినే.

2025 సీజన్‌లో 24 గ్రాండ్ ప్రి రేసులు జరిగాయి. రేసుకు ముందు ఒక్క ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) వేగాన్ని బట్టి బయలుదేరే స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్‌లలో, ఆయన జట్టు ఆస్టన్ మార్టిన్‌లో సహచరుడు లాన్స్ స్ట్రోల్ ఒక్కసారి కూడా అలోన్సో కంటే ముందు నిలవలేదు. స్ట్రోల్ అలోన్సో కంటే 17 ఏళ్లు చిన్న. ఒక్క ల్యాప్‌లో ఉన్న వేగమంతా తీయాల్సిన చోటే వయసు ముందుగా బయటపడుతుందని అంటారు. అక్కడే ఈ లెక్క.

స్ట్రోల్ గట్టి కొలబద్ద కాదని, జట్టు యజమాని కొడుకు కాబట్టే సీటు ఉందని కొందరంటారు. ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. అయితే అదే కొలబద్దతో మరొకరినీ కొలిచి చూద్దాం. నాలుగుసార్లు ప్రపంచ విజేత సెబాస్టియన్ వెటెల్ రెండేళ్లు అదే జట్టులో, అదే స్ట్రోల్ పక్కన నడిపాడు. 2021లో వెటెల్‌కు 43 పాయింట్లు, స్ట్రోల్‌కు 34. 2022లో 37, 18. ఆయన తప్పుకున్నాక ఆ సీటులోకి వచ్చిన అలోన్సో 2023లో 206 పాయింట్లు తెచ్చాడు, స్ట్రోల్ 74 తెచ్చాడు. ఆ ఏడాది మొదట్లో స్ట్రోల్ మణికట్టు గాయాలతో నడిపాడన్నది గుర్తుంచుకుని కొంత తగ్గించుకున్నా, మిగిలే తేడా చిన్నది కాదు. అంతకుముందు ఆల్పీన్ జట్టులో సహచరుడు ఎస్టెబాన్ ఒకాన్ పక్కన 2021లో అలోన్సోకు 81, ఒకాన్‌కు 74 పాయింట్లతో అలోన్సో ముందున్నాడు, 2022లో అలోన్సోకు 81, ఒకాన్‌కు 92తో వెనకపడ్డాడు. ఆ రెండో ఏడాది ఆయన కారు ఎన్నిసార్లు దారిలో ఆగిపోయిందో చూసినవారికి ఆ 92 వెనుక కథ తెలుసు.

ఈ కొలత ముసలివాళ్ల వైపు మొగ్గేది కూడా కాదు. ఏడుసార్లు ప్రపంచ విజేత మైకేల్ షూమాకర్ 41 ఏళ్ల వయసులో 2010లో మెర్సిడెస్‌తో తిరిగివచ్చాడు. ఆ ఏడాది సహచరుడు నీకో రోస్‌బర్గ్‌కు 142 పాయింట్లు వస్తే ఆయనకు 72 వచ్చాయి. మూడేళ్లలోనూ రోస్‌బర్గే ముందున్నాడు. అంత గొప్పవాడి విషయంలో కూడా ఆ కొలత దాచకుండా నిజం చెప్పింది. ఏడు టైటిళ్ల లూయిస్ హామిల్టన్ 2025లో ఫెరారీకి మారి 156 పాయింట్లు తెస్తే, సహచరుడు షార్ల్ లెక్లెర్క్ 242 తెచ్చాడు. హామిల్టన్ అంటే నాకు ఎంతో గౌరవం, ఈ అంకెలు రాయడం బాధగానే ఉంది. కొత్త జట్టులో మొదటి ఏడాది కాబట్టి తీర్పు చెప్పడానికి తొందరపడను. అలోన్సోకు వాడిన కొలత హామిల్టన్ దగ్గర దాచేస్తే నా వాదనకు విలువ ఉండదు.

పట్టికకు అందని విషయం ఒకటి చెప్పాలి. 2023 బ్రెజిల్ రేసు దొరికితే దయచేసి చివరి పదిహేను ల్యాపులు చూడండి. ఆ ఏడాది 22 రేసుల్లో 21 గెలిచిన రెడ్ బుల్ జట్టు కారులో సెర్హియో పెరెజ్ వెనకాలే తరుముతున్నాడు. అలోన్సో మెలికల దగ్గర అందరూ వెళ్లే గీత వదిలి, తనకు కావలసిన గీతలో నడిపి, నేరుగా సాగే దారికి ముందున్న మలుపు నుంచి బాగా బయటపడేలా చూసుకున్నాడు. చివరికి పెరెజ్ దాటేశాడు. అయిపోయిందనుకున్నాం. ఆఖరి ల్యాప్‌లో అలోన్సో మళ్లీ దాటి మూడో స్థానం తెచ్చుకున్నాడు, తేడా 0.053 సెకను. అప్పటికి ఆయనకు 42 ఏళ్లు. ఇంజన్ బలం తక్కువున్నప్పుడు బుర్ర ఎలా వాడాలో తెలిసిన డ్రైవరు పని అది. మా డిపోలో అలాంటివాళ్లను చూశాను కాబట్టి గుర్తుపట్టగలను.

2025 జూలై, ఆగస్టులలో వరుసగా రెండు వారాలు కూడా చూడండి. బెల్జియం క్వాలిఫయింగ్‌లో ఆస్టన్ మార్టిన్ కార్లు రెండూ చివరన, 19, 20 స్థానాల్లో నిలిచాయి. మరుసటి వారం హంగరీలో 5, 6. మనిషి అదే మనిషి, వారంలో వయసు తగ్గదు. పైగా హంగరీలో వెన్ను కండరాల నొప్పితో అలోన్సో మొదటి ప్రాక్టీసుకు దిగలేదు, ఆ సీటులో ఫెలిపే డ్రుగోవిచ్ కూర్చున్నాడు. అయినా ఆదివారం అయిదో స్థానంలో ముగించాడు. బెల్జియం ఫలితం మాత్రమే చూసినవారు ఆయనను ముసలివాడన్నారు, హంగరీ ఫలితం మాత్రమే చూసినవారు కుర్రవాడన్నారు. మారింది ట్రాక్, దానికి కారు నప్పిన తీరు.

ఆయన తప్పులు చేయలేదని నేననను. 2025లో మెల్‌బోర్న్‌లో రేసు మధ్యలో గోడకు కొట్టుకుని బయటికి వెళ్లాడు. 2024లో అదే ట్రాక్ మీద, వెనక వస్తున్న జార్జ్ రసెల్ ప్రమాదానికి దారితీసిన నడకకు 20 సెకన్ల శిక్ష పడింది, ఆ శిక్ష సరైనదే. ఇప్పుడు నాలుగుసార్లు ప్రపంచ విజేత మాక్స్ వెర్‌స్టాపెన్ కంటే ఆయన మేలని కూడా అనను. మొదటి ఆరుగురిలో ఉన్నాడని మాత్రం ధైర్యంగా అంటాను.

2012 అక్టోబరులో మా అబ్బాయి నన్ను గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కు తీసుకువెళ్లాడు. అయిదో స్థానం నుంచి బయలుదేరిన అలోన్సో మెక్‌లారెన్ జట్టు కార్లు రెండింటినీ, తర్వాత మార్క్ వెబర్ నడిపిన రెడ్ బుల్ కారునూ దాటి రెండో స్థానంలో వచ్చాడు. గెలిచింది వెటెల్. ఆ ఏడాది టైటిల్ 3 పాయింట్ల తేడాతో అలోన్సో చేజారింది, 2010లో 4 పాయింట్లతో పోయింది. ఆ రెండుసార్లూ ఆయనను ఓడించిన కార్లను రూపొందించిన ఏడ్రియన్ న్యూయీ ఇప్పుడు ఆయన జట్టులోనే ఉన్నాడు. హోండా ఇంజన్‌తో 2026 కారు వస్తోంది. అది బాగుంటుందో లేదో నాకెలా తెలుస్తుంది? బాగా లేకపోయినా మీ పేజీలో మళ్లీ 'వయసు మీరింది' అన్న శీర్షిక చదవాలని మాత్రం లేదు.

అందుకే ఒక విన్నపం. రేసు ఫలితాల్లో మీరు మొదటి ముగ్గురి పేర్లు, పాయింట్లు వేస్తున్నారు. దాని కింద ప్రతి జట్టులో ఇద్దరు డ్రైవర్ల క్వాలిఫయింగ్ సమయాలు పక్కపక్కన వేయండి, కారు చెడి ఆగిపోయినవారెవరో, సొంత తప్పుతో ఆగినవారెవరో విడిగా రాయండి. నాలుగు అంగుళాల చోటు చాలు. క్రికెట్ స్కోరు బోర్డు చదివి ఆటగాడిని అంచనా వేయగల తెలుగు పాఠకులు దీన్నీ చదువుకోగలరు. వచ్చే సీజన్ మొదటి రేసు నుంచే ఇది మొదలుపెట్టమని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ఏలూరు